పామును ఎక్కడ పట్టుకోవాలి? బెజవాడ నుంచి గుంటూరు దాకా నాలుగు రోజులు

బయల్దేరే ముందు

‘దేనికి బతకాలి’ అన్న ప్రశ్నకు తీర్థయాత్ర మందు కాదు. నాలుగు గుళ్ళు తిరిగి వస్తే తీరిపోయిందంటే అది సందేహం కాదు, ఒట్టి అలసట. ఈ దారి వేసిన లెక్క వేరు. ‘అంతా శూన్యం’ అని మనం ఇవాళ నిట్టూర్చే మాటను ఒకప్పుడు కృష్ణ ఒడ్డున మనుషులు వాదానికి వాడారు, దాని మీద పుస్తకాలు రాశారు, ఒకళ్ళనొకళ్ళు ఖండించుకున్నారు. అదే ఒడ్డున ఇరవయ్యో శతాబ్దంలో దేవుణ్ణి తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత చేతులు ముడుచుకు కూర్చోకుండా చచ్చేంత పని నెత్తిన వేసుకున్న కుటుంబమూ ఉంది. ఈ రెండు జాడల్నీ బస్సులో, ఆటోలో, కాలినడకన చూసి రావచ్చు.

సోమవారం మొదలుపెట్టండి. కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవు, గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. సోమవారం నుంచి గురువారం దాకా పెట్టుకుంటే తాళం వేసిన గేటు ముందు నిలబడే పని ఉండదు. నెల ఫిబ్రవరి అయితే మేలు. అప్పటికి ఎండ ముదరదు, కొత్త కాయ యార్డుకు వస్తూ ఉంటుంది. దసరా పది రోజులూ బెజవాడ జోలికి వెళ్ళకండి. భవానీ దీక్షల విరమణ రోజుల్లో కూడా అంతే. మే నెల సంగతి చెప్పక్కర్లేదు. అసలే బతుకు మీద విరక్తి, దానికి తోడు వడగాడ్పు.

సంచిలో పెట్టుకోవాల్సినవి తక్కువే: వంద పేజీల నోటుబుక్కు, రెండు పెన్నులు, లీటరు నీళ్ళ సీసా, మందపాటి మేజోళ్ళు ఒక జత, చేతిరుమాళ్ళు రెండు. మేజోళ్ళు అమరావతి గుడి ఆవరణలో రాతిబండల కోసం. పదకొండు దాటితే ఉత్తి కాళ్ళతో అడుగు వేయలేరు. రుమాళ్ళు నాలుగో రోజు ముక్కుకు కట్టుకోవడానికి. సెల్‌ఫోన్‌లో రాసుకుంటాం కదా అనుకోవద్దు. ఫోన్‌లో రాసింది మళ్ళీ తెరిచి చూడరు, పైగా రాస్తూ రాస్తూ ఇంకెక్కడికో పోతారు.

ఈ ప్రయాణం అందరికీ కాదు. రెండు వారాలుగా నిద్ర సరిగా పట్టకపోయినా, తిండి సహించకపోయినా, ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోయినా, చచ్చిపోతే బావుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ముందు డాక్టరును చూడాలి. 14416 టెలీ మానస్ నంబరు. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. దిగులు జబ్బుకు వేదాంతం వైద్యం చేయదు, వేదాంతానికి మాత్రలూ పనికిరావు. ఏది ఏదో తేల్చుకోకుండా బయల్దేరితే రెండూ చెడతాయి.

మొదటి రోజు, సోమవారం: బెజవాడ

గాంధీనగర్, గవర్నరుపేటల్లో లాడ్జీలకు కొదవ లేదు. రైల్వే స్టేషను, బస్టాండు రెండూ దగ్గరే. పొద్దున్నే స్నానం చేసి, నెయ్యి, కారప్పొడి వేసిన ఇడ్లీ ముందు పెట్టుకుని నోటుబుక్కు తెరవండి. మొదటి పేజీలో ‘అర్థం లేదు’ అని రాయండి. ఇప్పుడు దాన్ని విడగొట్టాలి.

ఆ ఒక్క మాట వెనక సాధారణంగా నాలుగు మాటలు దాక్కుని ఉంటాయి. మనల్ని ఎవరూ ఒక పని కోసం పుట్టించలేదన్నది ఒకటి. చేసిందంతా చివరికి పోతుందన్నది రెండోది. మంచీ చెడూ మనుషులు పెట్టుకున్నవేనన్నది మూడోది. నాకు ఏదీ రుచించడం లేదన్నది నాలుగోది. మొదటి మూడూ లోకాన్ని గురించిన మాటలు, వాటితో వాదించవచ్చు. నాలుగోది ఒంటిని గురించిన మాట. దాన్ని పరీక్షించే తీరు వేరు: ఎప్పటి నుంచి, రోజులో ఏ వేళ ఎక్కువ, ఎన్ని గంటలు నిద్ర పడుతోంది, ఎవరితో మాట్లాడి ఎన్నాళ్ళయింది. చాలామంది దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, నాలుగోది ముందు వస్తుంది, మొదటి మూడింటినీ దానికి సాక్ష్యాలుగా తెచ్చుకుంటారు. మనసు బాగున్న రోజున కూడా అవే మూడూ నిజమే, అయినా ఆ రోజు ఇడ్లీ బాగానే ఉంటుంది. నాలుగింటికీ నాలుగు పేజీలు కేటాయించండి. ఈ నాలుగు రోజులూ ఏది తోచినా దాని పేజీలోనే రాయాలి, కలపకూడదు.

పది గంటలకు మొగల్రాజపురం గుహలు. ఊరి నడిబొడ్డున, ఇళ్ళ మధ్య కొండను తొలిచి చేసిన అయిదు గుహలు. బొమ్మలు చాలావరకు అరిగిపోయాయి, అరగంట చాలు. చూడ్డానికి ఏముంది అనిపిస్తే తప్పు మీది కాదు. ఇక్కడికి రావడం ఒక కథ కోసం.

ఏడో శతాబ్దంలో, సుమారు 639 ప్రాంతంలో, చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ధాన్యకటక దేశానికి వచ్చాడు. ఊరికి తూర్పు కొండ మీద ఒకటి, పడమటి కొండ మీద ఒకటి పాత విహారాలు ఉన్నాయనీ, మనుషులు లేక పాడుపడ్డాయనీ రాశాడు. ఆ రెండు కొండలూ బెజవాడవేనని కొందరు పాశ్చాత్య పరిశోధకులు వాదించారు. ధాన్యకటకం అంటే అమరావతి పక్కనున్న ధరణికోట అన్నది ఎక్కువమంది ఒప్పుకున్న మాట. ఆ వివాదం అలా ఉంచితే, ఊరికి దక్షిణాన ఉన్న ఒక పెద్ద కొండరాయిని గురించి అతను విని రాసుకున్న కథ మనకు కావాలి. భావవివేకుడనే పండితుడు మాధ్యమికమనే బౌద్ధ శాఖవాడు, అంతా శూన్యమని వాదించే శాఖ అది. ఆయనకు కొన్ని సందేహాలు తీరలేదు. వాటిని తీర్చగలవాడు రాబోయే బుద్ధుడు మైత్రేయుడొక్కడే అనుకున్నాడు. అవలోకితేశ్వరుడనే బోధిసత్వుడి బొమ్మ ముందు అన్నం మాని, నీళ్ళు తాగుతూ మూడేళ్ళు, ఆ తర్వాత ఈ కొండ దగ్గర మంత్రం జపిస్తూ మరో మూడేళ్ళు గడిపాడు. చివరికి మంత్రించిన ఆవగింజతో కొడితే రాయి తెరుచుకుంది. లోపలికి రండి, మైత్రేయుడు వచ్చేదాకా ఉందాం అని చుట్టూ చేరిన జనాన్ని పిలిచాడు. అది పాముల పుట్టేమో, ప్రాణాలు పోతాయేమో అని జనం జంకారు. వెంట వెళ్ళింది ఆరుగురు. రాయి మూసుకుంది.

సందేహం తీరేదాకా బతుకును వాయిదా వేసినవాడి కథ ఇది. అతను మూఢుడు కాడు, తర్కంలో ఆ కాలానికి అంతటివాడు లేడు. అయినా ముందు జవాబు, తర్వాతే బతుకు అనుకున్నాడు. మనలో చాలామందిది ఇదే వరస, ఆవగింజ లేదంతే. పాము సంగతి గుర్తుంచుకోండి, మూడో రోజు మళ్ళీ వస్తుంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక బెంజి సర్కిల్ దగ్గర పటమటలోని నాస్తిక కేంద్రానికి వెళ్ళాలి. ముందు ఫోన్ చేసి వెళ్ళడం మర్యాద. గోరా అని పిలిచే గోపరాజు రామచంద్రరావు (1902–1975), ఆయన భార్య సరస్వతి గోరా కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో దీన్ని మొదలుపెట్టారు. 1947లో బెజవాడకు మార్చారు. ఆయన వృక్షశాస్త్రం చెప్పిన అధ్యాపకుడు. నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు.

ఇక్కడ చూడాల్సింది భవనం కాదు, వాళ్ళు చేసిన పనుల జాబితా. గర్భిణిగా ఉన్న సరస్వతి గ్రహణం వేళ బయటికి వచ్చి నిలబడ్డారు. పున్నమి రాత్రుళ్ళు అన్ని కులాల వాళ్ళనూ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. పెద్దమ్మాయి మనోరమను దళిత కుటుంబంలో పుట్టిన అర్జునరావుకు ఇచ్చి 1948లో సేవాగ్రామంలో పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి జరిపిస్తానన్న గాంధీ అప్పటికి లేరు. దేవుడి పేరు బదులు సత్యం పేరు మీద పెళ్ళి చేయడానికి ఆయన ముందే ఒప్పుకుని ఉన్నారు. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. తొమ్మిదో సంతానం పేరు నౌ; హిందీలో తొమ్మిది అనే అర్థం. ఆ లవణం, ఆయన భార్య హేమలత (గుర్రం జాషువా కూతురు) స్టువర్టుపురంలో నేరస్థులన్న ముద్ర పడ్డ కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు.

మొదటి పేజీకి, అంటే ‘ఎవరూ ఒక పని కోసం పుట్టించలేదు’ అన్నదానికి ఇక్కడ ఒక జవాబు దొరుకుతుంది. గోరా వాదం సూటిగా ఉంటుంది. పైన రాసిపెట్టేవాడు లేకపోతే మనిషి స్వతంత్రుడు. స్వతంత్రుడైతే ఎదురుగా జరిగే అన్యాయానికి ‘వాడి రాత’ అనే సాకు ఉండదు. దేవుడు పోతే పని తగ్గుతుందనుకుంటాం. వీళ్ళకు పెరిగింది. దీన్ని ఒప్పుకోవాలని లేదు. దేవుడు లేడు కాబట్టి అర్థం లేదు అనే గొలుసులో ఆ ‘కాబట్టి’ అంత గట్టిది కాదని మాత్రం ఈ ఇంటి చరిత్ర చూపిస్తుంది. అలాగని ఇంకో పొరపాటులో పడొద్దు: ఇవాళే నేనూ ఒక ఉద్యమం మొదలుపెడతానని లాడ్జీకి వచ్చి పథకాలు వేయకండి. ఆ ఊపు తెల్లారేసరికి దిగిపోతుంది, దిగాక ఇంకా లోతుకు పోతారు.

రాత్రి ఇంద్రకీలాద్రి దీపాలు కింది నుంచి చూస్తే చాలు. పైకి వెళ్ళి అమ్మవారిని చూడాలనుంటే వెళ్ళండి, ఈ దారికి అది అడ్డు కాదు. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఈ కొండ మీదేనని స్థలపురాణం. అప్పుడు అతనికి ఏం కావాలో బాగా తెలుసు. తెలియకపోవడం తర్వాత, కురుక్షేత్రంలో వచ్చింది. చేతిలో అస్త్రాలన్నీ ఉన్నాక.

రెండో రోజు, మంగళవారం: బ్యారేజీ, ఉండవల్లి, మంగళగిరి

ఆరింటికి ప్రకాశం బ్యారేజీ. ఈ చివర నుంచి ఆ చివరకు 1,223 మీటర్లు, 70 గేట్లు. నింపాదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. 1855లో పూర్తయిన ఆనకట్ట 1952లో తెగింది. దాని స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. అంటే ‘చేసిందంతా చివరికి పోతుంది’ అన్న రెండో పేజీకి ఇక్కడ సాక్ష్యం ఉంది: ఆనకట్ట నిజంగానే పోయింది. పోయేలోపు తొంభై ఏడేళ్ళు డెల్టా పొలాలకు నీళ్ళిచ్చింది. ఆ వరి తిన్నవాళ్ళ ఆకలి తర్వాత తెగిన గండి వల్ల వెనక్కి రాలేదు.

నడుస్తూ గేట్ల దగ్గర ఆగి కౌంటర్ వెయిట్లను చూడండి. గేటును ఎత్తే గొలుసుకు రెండో కొసన వేలాడే పెద్ద దిమ్మె అది. గేటు బరువుకు సరితూగేలా కిందికి లాగుతుంది కాబట్టే అంత ఇనుమును మోటారు ఎత్తగలుగుతుంది. దానికి బరువుగా ఉండటం తప్ప వేరే పని లేదు. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. ఆ వరదలో పైనుంచి కొట్టుకొచ్చిన బరువైన పడవలు గేట్లకు గుద్దుకుని వీటిలో కొన్నిటిని విరగ్గొట్టాయి. వరద పారుతుండగానే కొత్తవి తెచ్చి బిగించారు. ఊళ్ళో సగం బుడమేరు వాగు నీళ్ళలో మునిగి ఉన్న వారమది. అప్పుడు పాలప్యాకెట్లు మోసుకుపోయినవాళ్ళలో ఎవరూ ‘ఇదంతా దేనికి’ అని ఆగి ఉండరు. ఆగకపోవడం గొప్పతనమని అనడం లేదు. ఆ ప్రశ్న రావడానికి కాస్త పొడి నేల కావాలి.

ఆ చివర సీతానగరం. అక్కణ్ణుంచి ఆటోలో ఉండవల్లి గుహలు. బెజవాడ నుంచి మొత్తం ఆరేడు కిలోమీటర్లు. తెరిచే వేళకు చేరుకుంటే తీరిగ్గా చూడొచ్చు. కొండనే తొలిచిన నాలుగంతస్తులు. విష్ణుకుండినుల కాలపు పనిగా, నాలుగు, అయిదు శతాబ్దాలదిగా చెబుతారు. మొదట బౌద్ధులో జైనులో ఉండి, తర్వాత వైష్ణవమైందని అభిప్రాయం. లోపల పడుకుని ఉన్న అనంతపద్మనాభుడు సుమారు ఇరవై అడుగులు. చీకట్లో కళ్ళు అలవాటు పడటానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అందరూ అంతకుముందే ఫోటో తీసి బయటికి వచ్చేస్తారు. మీరు ఆగండి. ముందు పాదాలు, తర్వాత తొడ, ఆఖరికి మొహం తేలుతుంది.

దిగేటప్పుడు కింది అంతస్తులో ఎక్కువసేపు ఉండండి. అక్కడ పని సగంలో ఆగిపోయింది. స్తంభాలు మొరటుగా, రాతిలోంచి ఇంకా పూర్తిగా బయటికి రాకుండానే ఉన్నాయి. రాయి తొలిచే పనిలో కలపడం ఉండదు, తీయడమే. గది కావాలంటే గది ఉండే చోట రాయి లేకుండా చేయాలి. శూన్యం అంటే ఏమిటో చెప్పే పాఠం ఇంతకన్నా సులువైనది దొరకదు: ఆ ఖాళీ లేకపోతే అది కొండ, ఉంటే గుహ.

ఎండ ఎక్కేలోపు మంగళగిరి. కొండ మీద పానకాల నరసింహస్వామికి బెల్లం పానకమే నైవేద్యం. పూజారి శంఖంతో నోట్లో పోస్తుంటే గుటక వేసిన చప్పుడు అవుతుంది. తాగినంత తాగి మిగతాది వదిలేస్తాడని, ఎంత పెద్ద బిందె తెచ్చినా సగమేనని ప్రతీతి. ఆ మిగిలిన సగమే ప్రసాదం. ఇది ఒకప్పటి అగ్నిపర్వతమనీ, లోపలి గంధకాన్ని చల్లార్చడానికి బెల్లం నీళ్ళు పోసేవారనీ ఒక వివరణ వాడుకలో ఉంది. అదీ నమ్మకం లాంటిదే, కొంచెం సైన్సు వాసన వేస్తుందంతే.

కింద గుడి గోపురం పదకొండంతస్తులు, 153 అడుగులు. 1807–09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించాడు. ఆయన కథ రేపటికి పనికొస్తుంది. దోపిడీలు చేస్తున్నారని చెంచుల్ని భోజనానికి పిలిపించి నరికించాడనీ, ఆ తర్వాత కంచంలో అన్నం పురుగులై కనపడేదనీ, ఆ పాపభయంతోనే అమరావతి చేరి గుళ్ళ మీద గుళ్ళు కట్టించాడనీ జనం చెప్పుకుంటారు.

మధ్యాహ్నం నేతపేటల్లో గుంట మగ్గం ఉన్న ఇల్లు చూడండి. కొంటామని ముందే ఊరించకండి. కాసేపు చూడొచ్చా అని అడిగితే చాలు. నేతగాడు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు. కాలితో తొక్కితే పడుగు, అంటే నిలువు పోగులు సగం పైకి, సగం కిందికి విడిపోయి మధ్యలో సందు పడుతుంది. ఆ సందులోంచే నాడె పేక, అంటే అడ్డం పోగును తీసుకుని అటు దూకుతుంది. పన్నె లాగి కొడితే ఒక పోగు కూర్చుంటుంది. మళ్ళీ తొక్కు, మళ్ళీ దూకుడు. సందు పడకపోతే నాడె పడుగును కోసేస్తుంది. తెగిన పోగును అప్పుడే వెతికి ముడి వేయాలి, లేదంటే బట్ట పొడుగునా గీత వస్తుంది. వేలెడు మందం బట్ట పెరగడానికి ఎన్నిసార్లు నాడె దూకిందో లెక్కపెట్టండి. వందకు దగ్గర్లోనే లెక్క తప్పుతారు. వస్తూ ఒక తువ్వాలు కొనండి, రేపు దానితో పని ఉంది. మగ్గాల ఊళ్ళో మరమగ్గాల సరుకు కూడా అమ్ముతారు. అంచు తిరగేసి చూసి, అడిగి కొనాలి.

మూడో రోజు, బుధవారం: అమరావతి

బెజవాడ నెహ్రూ బస్టాండు నుంచి అమరావతికి బస్సులున్నాయి. గదిని ఖాళీ చేసి సంచితోనే బయల్దేరండి, రాత్రి గుంటూరులో బస. తొమ్మిదిన్నరకల్లా చేరాలి. ముందు అమరేశ్వరుడి గుడి చూసేయడం నయం. పంచారామాల్లో ఒకటి, లింగం పొడవు కాబట్టి అభిషేకం పైఅంతస్తు నుంచి చేస్తారు. రాళ్ళు కాలకముందే అయిపోతుంది.

అసలు రోజు స్తూపం దగ్గర. ఇప్పుడు మిగిలింది గడ్డి పరచిన గుండ్రటి ఇటుక దిమ్మె, కొన్ని రాతి పలకలు. చూసీ చూడగానే ‘ఇంతేనా’ అంటారు. ఇంతే, ఎందుకంటే తవ్వుకుపోయారు. 1790ల్లో వెంకటాద్రినాయుడు ఇక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు దీపాలదిన్నె అనే మట్టిదిబ్బను తవ్వి ఇటుకలూ రాళ్ళూ తీశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించేనాటికి చాలా పోయింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కణ్ణుంచి లండన్‌కు చేరాయి. అంతరాత్మ పోరు పడలేక పరిగెత్తుకొచ్చిన మనిషి, అంతరాత్మ పోరు గురించే ఆలోచించిన వాళ్ళ కట్టడాన్ని ఇటుకల కోసం విప్పించాడు. రెండో పేజీలో రాసుకోవాల్సింది ఇది.

తర్వాత మ్యూజియం. పల్నాటి సున్నపురాయి పలకలు, లేత ఆకుపచ్చ, తెలుపు. పూర్ణకుంభం చెక్కిన పలకను అందరూ చూస్తారు. రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఆ పోలికే. మీరు ఖాళీ ఆసనాన్ని వెతకండి. అమరావతి తొలిదశ శిల్పుల పద్ధతి ఇది: బుద్ధుడు ఉండాల్సిన చోట బుద్ధుణ్ణి చెక్కరు. చెట్టు ఉంటుంది, దాని కింద దిండు వేసిన సింహాసనం ఉంటుంది, ముందు రెండు పాదముద్రలు, చుట్టూ జనం. చేతులు జోడించినవాడు, సాగిలపడినది, పక్కవాడి భుజం మీదుగా తొంగిచూసేవాడు. అందరి చూపూ ఒక్కచోట కలుస్తుంది, అక్కడ ఎవరూ ఉండరు. చేయి చాచినంత దూరంలో నిలబడి పది నిమిషాలు చూడండి, ముట్టుకోవద్దు. మొదటి రెండు నిమిషాలు లోటు కనపడుతుంది. తర్వాత ఆ ఖాళీ వల్లే మిగతావాళ్ళంతా ఒక గుంపుగా నిలబడ్డారని తెలుస్తుంది.

ఇప్పుడు నాగార్జునుడు, శూన్యాన్ని గురించి వాదించిన మాధ్యమిక శాఖకు మూలపురుషుడు. క్రీస్తుశకం రెండో శతాబ్దం వాడని సాధారణంగా చెబుతారు. ఈ స్తూపం చుట్టూ రాతి కంచె కట్టించింది ఆయనేనని టిబెట్ చరిత్రకారుడు తారానాథుడు రాశాడు. ఒక శాతవాహన రాజుకు రాసిన ‘సుహృల్లేఖ’ ఆయనదే. 27 ప్రకరణాల ‘మూలమధ్యమకకారిక’ ఆయన ముఖ్యరచన. దానిలో 24వ ప్రకరణం మనకు కావలసింది. ఎదుటివాడు అచ్చం మనలాగే మొదలుపెడతాడు: అంతా శూన్యమైతే పుట్టుక లేదు, చావు లేదు, ధర్మం లేదు, బుద్ధుడూ లేడు, ఇంకేం మిగిలింది? నాగార్జునుడు దాన్ని తలకిందులు చేస్తాడు. శూన్యం అంటే లేకపోవడమని నీకెవరు చెప్పారు? దేనికీ తనంతట తానుగా ఉండే స్వభావం లేదు, ఒకదాన్ని ఆనుకుని ఇంకొకటి ఉంది అన్నంతవరకే ఆ మాట. స్వభావమే ఉండి ఉంటే ఏదీ మారేది కాదు. దుఃఖం దుఃఖంగానే ఉండిపోయేది, చేతకానివాడు చేతకానివాడిగానే మిగిలేవాడు. శూన్యం కాబట్టే పని జరుగుతుంది. అక్కడే అంటాడు: శూన్యాన్ని తప్పుగా పట్టుకుంటే, పట్టుకోవడం చేతకాక పట్టిన పాములా కాటేస్తుందని.

బౌద్ధుల లెక్కలో రెండు గోతులున్నాయి. ఏదో ఒకటి ఎప్పటికీ ఉంటుందనేది శాశ్వతవాదం. చస్తే సరి, చేసినదానికి ఫలం లేదు, ఏదీ లెక్కలోకి రాదనేది ఉచ్ఛేదవాదం. బుద్ధుడి కాలంలోనే అజిత కేశకంబళి అనే ఆయన అదే చెప్పాడు, కాబట్టి ‘ఏమీ లేదు’ అన్న మాట మన కాలం కనిపెట్టిందేమీ కాదు. నాగార్జునుడి మీద పడ్డ నింద రెండో గోతిలో పడ్డాడని. ఆయన సమాధానం పైన చెప్పిందే. ఇంకొక హెచ్చరిక కూడా ఉంది. శూన్యాన్నే ఒక సిద్ధాంతంగా పట్టుకు వేలాడేవాళ్ళు బాగుపడరని 13వ ప్రకరణం చివర అంటాడు. వ్యాఖ్యాతలు దీనికి విరేచనాల మందు పోలిక తెస్తారు: పొట్టలో ఉన్నదాన్నంతా తోసేసి, తను మాత్రం పొట్టలోనే ఉండిపోతే ఆ మందే రోగం. ‘అంతా వేస్ట్’ అని పొద్దస్తమానం అనేవాళ్ళకు జరిగేది ఇదే. అన్నిటినీ అనుమానిస్తారు, ఆ ఒక్క మాటను తప్ప.

స్తూపం పక్కన చెట్టు నీడ చూసుకుని తువ్వాలు తీయండి. ఒక పోగు దగ్గర మొదలుపెట్టి, అది దేన్ని ఆనుకుని ఉందో వెనక్కి రాయండి. నాడె, మగ్గం, గుంట తవ్వినవాడు, కండె చుట్టిన అతని భార్య, నూలు మిల్లు, పత్తి, నల్లరేగడి, వాన, ఆ పత్తి ఏరిన కూలి. ఇరవై దాటేదాకా ఆపొద్దు. పదికి ఆగిపోతే వస్తువులే రాసి మనుషుల్ని వదిలేశారని అర్థం. ఇప్పుడు అదే పద్ధతిలో రెండో జాబితా. పోగు బదులు మూడో పేజీలో రాసుకున్న మాట: ‘మంచీ చెడూ మనుషులు పెట్టుకున్నవే’. అవును, పెట్టుకున్నవే. తువ్వాలు కూడా మనుషులు నేసిందే, అందుకని తడి తుడవకుండా పోదు. ఈ అభ్యాసం ఎక్కడ చెడుతుందంటే, అంతా ముడిపడి ఉందంటూ ఒళ్ళు పులకరించి అక్కడితో ఆగిపోయినప్పుడు. పులకరింత తేలిగ్గానే వస్తుంది. అక్కడితో ఆగకుండా మీరు ఎవరిని ఆనుకుని ఉన్నారో, మీ మీద ఎవరు ఆనుకుని ఉన్నారో పేర్లతో రాయండి. పేర్లు రాయడం కష్టం. ఆ పేజీ నింపాకే గుంటూరు బస్సెక్కాలి.

నాలుగో రోజు, గురువారం: గుంటూరు

బ్రాడీపేట, అరండల్‌పేటల్లో బస. ఏడున్నరకు మిర్చి యార్డు. రుమాలు మూతికి కట్టుకోండి. మొదటిసారి వచ్చినవాళ్ళకు తుమ్ములు, దగ్గు తప్పవు, అయిదు నిమిషాల్లో కొంత అలవాటవుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు లోపలికి పోవద్దు, గేటు దగ్గర్నుంచే చూడండి. లారీల దారికి అడ్డం నిలబడొద్దు. ఫోటో తీసే ముందు అడగండి.

ఇక్కడ బస్తాను టిక్కీ అంటారు. తేజ, బాడిగ, 334, 341 రకాల కాయలు వరసల్లో పేర్చి ఉంటాయి. కొనేవాడు టిక్కీ మూతి విప్పించి, చేయి లోపలికి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. పైనున్న కాయ అందరూ బాగానే పెడతారు కదా. రంగు చూస్తాడు, విరిచి తేమ చూస్తాడు, విత్తనం గలగలమంటుందో లేదో చెవి దగ్గర ఆడిస్తాడు. రంగు పోయి తెల్లబడ్డది తాలుకాయ, దాని ధర వేరు. తేమ ఎక్కువుంటే కోల్డ్ స్టోరేజీలో బూజు పడుతుంది. రైతు కమీషన్ ఏజెంటు మొహం చూస్తూ నిలబడి ఉంటాడు. ఆర్నెల్ల పనికి ఆ ఒక్క గుప్పెటే పరీక్ష.

కష్టజీవుల్ని చూసి బుద్ధి తెచ్చుకోమని ఇక్కడికి పంపడం లేదు. ఆ మాట ఎవరైనా అంటే చిరాకు పుడుతుంది, పుట్టాలి కూడా. ఈ హమాలీకి సందేహాలు ఉండవని మీకెవరు చెప్పారు? చూడాల్సింది కొనేవాడి చేయి. ‘ఈ టిక్కీ మొత్తం మీద మంచిదా చెడ్డదా’ అని అతను దూరంగా నిలబడి ఆలోచించడు. చేయి పెట్టి, గుప్పెడు తీసి, దాని మీద ధర చెబుతాడు. బతుకు మొత్తానికి అర్థముందా అన్నది విప్పని టిక్కీ.

ఒక అరుగు చూసుకుని నోటుబుక్కులో ఆఖరి పేజీ తెరవండి. నిన్న రాసిన పేర్లలోంచి ఒకటి తీసుకోవాలి. ఆ మనిషికి వచ్చే ఏడు రోజుల్లో చేయగల పని ఒకటి, తేదీతో సహా రాయాలి. రెండు గంటలు మించకూడదు, డబ్బుతో అయిపోయేది కాకూడదు, ఒకవేళ చేయకపోతే ఎదుటివాళ్ళకు తెలిసేలా ఉండాలి. ‘అమ్మతో ఎక్కువ సమయం గడపాలి’ అన్నది పని కాదు. ‘ఆదివారం పదింటికి అమ్మ కంటి పరీక్షకు తోడు వెళ్ళాలి’ అన్నది పని. నాలుగో పేజీ, ఒంటిది, ఈ నాలుగు రోజుల్లో ఎన్ని గంటలు నిద్రపోయారో, ఎంత నడిచారో చూసుకుని నింపండి. అది అలాగే నల్లగా ఉంటే పైన చెప్పిన నంబరు ఉండనే ఉంది.

బెజవాడ వైపు రైళ్ళు, బస్సులు రోజంతా ఉంటాయి, తొందరేం లేదు. యార్డులో కాయ ముట్టుకుని ఉంటే చేతుల్ని ఉత్త నీళ్ళతో కడగొద్దు, మంట పోదు. కారానికి కారణమైన పదార్థం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు కొంచెం నూనె రాసి తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు రుద్దండి. తువ్వాలుకు తుడుచుకునేది అప్పుడే. అప్పటిదాకా ఏం గుర్తొచ్చినా సరే, కళ్ళు మాత్రం నులుముకోకండి.